జాకెట్టు ఫారం గురించి

చిట్టితల్లీ,

చీరతో పాటు జాకెట్టు కూడా కుట్టి పంపే ఏర్పాటు నీ ఆన్‌లైన్ షాపులో పెడతానన్నావు. పెట్టు. ఉత్తి చీర పది షాపుల్లో దొరుకుతుంది; ప్యాకెట్ విప్పిన రోజే కట్టుకునేలా వచ్చే చీర దొరకదు. టైలరు చుట్టూ తిరిగే తీరికలేని వాళ్ళు, డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్నవాళ్ళు కుట్టుకూలికి మించి డబ్బిచ్చేది అందుకే.

నీ ఫారంలో మెడలు పదహారు రకాలున్నాయి గానీ, ఛాతీ కొలత ఒంటి మీద తీసిందా, ఆది జాకెట్టు (కొలతకిచ్చే పాత జాకెట్టు) మీద తీసిందా అన్న ప్రశ్న లేదు. ఒంటి కొలత 36 అయితే ఓ అంగుళం వదులు కలిపి కత్తిరిస్తాం. ఆది జాకెట్టులో ఆ వదులు ముందే ఉంటుంది; మళ్ళీ కలిపితే చంకల కింద ముడతలు పడతాయి. జాకెట్టుకి హుక్కులు పెట్టి, బల్ల మీద పరిచి, చంక నుంచి చంకకి కొలిచి రెట్టింపు చేయమని బొమ్మ వేసి చూపించు. 18 అని రాస్తే సగం కొలతేమో, 92 అని రాస్తే సెంటీమీటర్లేమో, ఫారమే ఆగి అడగాలి.

గుడ్డ చాలుతుందా అన్నది అసలు తిప్పలు. చీరలో వచ్చే జాకెట్టు ముక్క చాలావాటిలో 80 సెంటీమీటర్లే, అంటే ముప్పై ఒకటిన్నర అంగుళాలు. అంచు ఒకవైపే ఉంటే రెండు చేతులూ ఆ అంచు మీదే పక్కపక్కన పడాలి. కుట్టుకి వదిలే మార్జిన్‌తో ఒక్కో చెయ్యి 16 అంగుళాలు వస్తే మొత్తం 32. అర అంగుళం తక్కువ! చంక దగ్గర అతుకు పడుతుంది. ఆ సంగతి డబ్బు కట్టకముందే తెరమీద కనపడాలి. అలాగే బోట్ నెక్ (భుజం నుంచి భుజానికి అడ్డంగా ఉండే మెడ) ఎంచుకుంటే ముందు హుక్కులు ఎంచుకునే వీలు ఉండకూడదు. వెనక మెడ 10 అంగుళాలు దించితే తాళ్ళు పెట్టాల్సిందే, లేకపోతే భుజాలు జారతాయి.

లైనింగ్ తడిపి ఆరేశాకే కత్తిరించమను. పక్క కుట్లలో ఒక్కోవైపు ఒకటిన్నర అంగుళం లోపలికి వదలమను. ఒకరి కొలతకి కుట్టింది వాపసొస్తే ఇంకొకరికి అమ్మలేవు. ఆ మార్జిన్ ఉంటే వాళ్ళ ఊళ్ళో టైలరే విప్పి సరిచేస్తాడు. మగ్గం వర్క్ మాత్రం ఇప్పుడే వద్దు. మెడ గీత మీద పూసలు కుట్టేశాక కొలత తప్పిందంటే దిద్దడానికేమీ ఉండదు.

సరిపోయిన కొలతలు వాళ్ళ పేరున దాచిపెట్టు, రెండో ఆర్డరుకి మళ్ళీ టేపు పట్టుకునే పని లేకుండా. ఫారంలో 'ఆర్మ్‌హోల్' పక్కన 'చంక చుట్టు' అని కూడా రాయి.

అమ్మ