పిల్లల ముగ్గుల పోటీలో పిల్లల్నే వెయ్యనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

ధనుర్మాసం వచ్చిందంటే చాలు, విశాఖలో కాలనీ సంఘాలు, అపార్ట్‌మెంట్ కమిటీలు ముగ్గుల పోటీలంటూ బ్యానర్లు కట్టేస్తాయి కాబట్టి ఈ మాట ముందే చెబుతున్నాను. పిల్లల విభాగంలో ముగ్గు పిల్లలే వెయ్యాలి. ఇది కూడా చెప్పాలా అంటారేమో, చెప్పాలి. పోయిన సంక్రాంతికి మా వైపు ఒక పోటీలో చుక్కలు తల్లి పెట్టింది, చాక్‌పీసుతో గీతలు పిన్ని గీసింది, పాప చేతికి రంగుల పొట్లం ఇచ్చి గీత దాటకుండా నింపమన్నారు. ఫొటో, బహుమతి మాత్రం పాపకి! రంగులు నింపడం డ్రాయింగ్ పుస్తకంలోనూ వస్తుంది కదండీ.

ముగ్గులో అసలు పనంతా చుక్క దగ్గరే ఉంది. 'ఏడు చుక్కలు, నాలుగు వచ్చేదాకా సందు చుక్క' అంటే మధ్య వరుసలో 7, దానికి పైనా కిందా సందుల్లో 6, 5, 4. మొత్తం ఎన్నో పిల్లల్నే లెక్కపెట్టమనండి, 37 రాకపోతే ఎక్కడో ఒక చుక్క ఎగిరిపోయినట్టే. మెలికల ముగ్గయితే ఇంకా గమ్మత్తు, చుక్కల చుట్టూ తిరిగిన గీత బయల్దేరిన చోటికే వచ్చి కలవాలి, కలవకపోతే ఎక్కడ దారి తప్పిందో వెనక్కి వెళ్లి వెతుక్కోవాలి. తమిళుల కోలాల (వాళ్ల ముగ్గుల) మీద 1970ల్లోనే మద్రాస్ క్రిస్టియన్ కాలేజీ వాళ్లు కంప్యూటర్ శాస్త్రం కోణంలో పరిశోధనలు చేశారు. మనమేమో ఆడపిల్లల పని అని మగపిల్లల్ని బ్యాటిచ్చి బయటికి పంపేస్తాం.

చిన్నపిల్లలకి రంగుపొడులొద్దు, బియ్యప్పిండి ఇవ్వండి. నేల తడిపొడిగా ఉంటే చాలు, నీళ్లు నిలిస్తే పిండి ముద్దకడుతుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి సన్నగా జారాలి, మొదట్లో కుప్పలు కుప్పలుగా పడుతుంది, పడనివ్వండి. మిగిలింది చీమలు తింటాయి.

ఇక చోటు సంగతి. అపార్ట్‌మెంట్లలో గుమ్మానికి ప్లాస్టిక్ ముగ్గు స్టిక్కరు, లిఫ్టు దగ్గర పిండి పడితే కమిటీ గ్రూపులో గొడవ. వాకింగ్ కోసం పొద్దున్నే ఆర్కే బీచ్ రోడ్డులో వాహనాలు ఆపుతున్నారు కదా, ధనుర్మాసం ఆదివారాల్లో అందులో కాస్త మేర పిల్లల ముగ్గులకి వదలమని మన నగరపాలక సంస్థ జీవీఎంసీని కోరుతున్నాను. ఆ వేళకి సముద్రం గాలి కూడా అంత విసురుగా ఉండదు, పిండి నిలుస్తుంది.

పోటీలు పెట్టేవాళ్లకి ఒక్క మనవి. ఎన్ని చుక్కలో అప్పటికప్పుడు చీటీ తీయించండి, చాక్‌పీసులు, ముగ్గు జల్లెడలు బయట పెట్టించండి, అమ్మల్ని తాడు అవతల కూర్చోబెట్టండి. అమ్మలకి ఎలాగూ వేరే పోటీ ఉంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
సీతమ్మధార, విశాఖపట్నం