విగ్రహం కింద ఆ రాత్రి సంగతి కూడా రాయండి

సంపాదకులు గారికి,

నమస్కారం. నేను హనుమకొండలో ఉంటున్న రిటైర్డ్ టీచర్‌ని. సర్వీసంతా పరకాల వైపు ఊళ్లలో సోషల్ చెబుతూ గడిచింది. మొన్న ఆగస్టు 15న, నేను చివరగా పనిచేసిన బడి వాళ్లు పిలిస్తే జెండా వందనానికి వెళ్లాను. జెండా ఎగరేశాక పిల్లల ర్యాలీ బస్టాండు దగ్గరున్న జవాను విగ్రహం దాకా సాగింది. దండ వేశారు, జోహార్లు చెప్పారు, పిల్లలకు చాక్లెట్లు పంచారు. తిరిగి వస్తుంటే ఏడో తరగతి పిల్లవాడొకడు నా పక్కన నడుస్తూ, "సార్, గీయన ఏం జేసిండు?" అని అడిగాడు.

"దేశం కోసం ప్రాణం ఇచ్చిండు బిడ్డా" అన్నాను.

"అదెర్కే సార్. ఏం జేసిండు?"

వాడికి చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు. విగ్రహంలో ఉన్న ఆ అబ్బాయి మా బడిలోనే చదివాడు. అంతిమయాత్రకు మా ఇంటిల్లిపాది వెళ్లాం. సేనా మెడల్ ప్రకటించారని పేపర్లో చూసి స్టాఫ్ రూంలో అందరం కళ్లు తుడుచుకున్నాం. అయినా ఆ పతకం ఏం చేసినందుకు వచ్చిందో నేను ఏ రోజూ అడిగి తెలుసుకోలేదు.

వెనక్కి వెళ్లి విగ్రహం దిమ్మె మీద రాసింది చదివాను. పేరు, ఊరు, పుట్టిన తేదీ, వీరమరణం పొందిన తేదీ, సేనా మెడల్ గ్రహీత, అమర్ రహే. పక్కన నల్లరాయి మీద ఆవిష్కరించినవారు, అధ్యక్షులు, ముఖ్య అతిథులు, దాతలు కలిపి ఇరవై రెండు పేర్లు. ఆ పేర్లు ఉండకూడదని నేను అనను. ఇంటింటికీ తిరిగి పైసలు పోగుచేసి విగ్రహం నిలబెట్టింది వాళ్లే. కానీ ఆ అబ్బాయి చేసిన పని గురించి ఆ రాళ్ల మీద ఒక్క వాక్యం లేదు.

మర్నాడు వాళ్లింటికి వెళ్లాను. తల్లి ఒక్కతే ఉంది. అడగగానే బీరువా తెరిచి, పట్టుచీరల కింది నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి నా చేతికిచ్చింది. అందులో ఉన్నది పతకంతో పాటు ఇచ్చిన ప్రశంసాపత్రం, ఇంగ్లిష్‌లో, ఒక పేజీ. "ఇంతమంది వచ్చి ఫొటోలు తీసుకున్నరు గని, గీ కాయిదంల ఏం రాసిన్రో ఎవ్వరు చదివి చెప్పలే సారూ. నువ్వన్న చెప్పు" అంది.

చదువుతూ ఒక్కో వాక్యం తెలుగులో చెప్పాను. కశ్మీర్ అడవిలో రాత్రి పూట గాలింపుకు వెళ్లిన బృందంలో తన కొడుకు ముందు వరసలో ఉన్నాడని, కాల్పులు మొదలైనప్పుడు పక్కనున్న జవాను తొడకు గుండు తగిలి పడిపోయాడని, ఇతను పాకుతూ వెళ్లి అతణ్ని బండ చాటుకు లాక్కొచ్చాడని, ఆ తర్వాత వెనక్కి రాకుండా కాల్పులు వస్తున్న వైపే కదిలాడని. అక్కడ ఆమె నా చేయి పట్టుకుని ఆపింది.

"ఆ పిలగాడు బతికిండా సారూ?"

మళ్లీ చదివాను. తోటి సైనికుడి ప్రాణం కాపాడాడని స్పష్టంగా ఉంది. "బతికిండమ్మా" అన్నాను. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ కవరును కొంగుతో తుడిచి, "ఇది మా ఊరోళ్లకు ఎరుకేనా?" అంది.

ఎరుక లేదు. తన కొడుకు కాపాడిన మరో తల్లి బిడ్డ ఎక్కడో ఇంకా బతికి ఉన్నాడన్న సంగతి, ఇన్నేళ్లుగా తన బీరువాలో తనకు రాని భాషలో పడి ఉంది. ఈ లేఖ రాయడానికి ఆమె అడిగిన ఆ మాటే కారణం.

వీరుడు చేసిన పనిని చెప్పకుండా వదిలేసే అలవాటు మన వైపు పూర్వం లేదు. ఊరి గుడి ముందరో చెరువు కట్ట మీదో కనిపించే వీరగల్లులు, అంటే చనిపోయిన వీరుల గుర్తుగా నిలిపిన చెక్కుడు రాళ్లు చూడండి. కింది భాగంలో వీరుడు కత్తీ డాలూ పట్టుకుని ఎవరితోనో తలపడుతుంటాడు. దాని పైన అతణ్ని అప్సరసలు తీసుకుపోతుంటారు. అన్నిటికీ పైన శివలింగం ముందు కూర్చుని ఉంటాడు. పశువులను తోలుకుపోయేవాళ్లను అడ్డుకున్నాడా, పులితో పోరాడాడా, యుద్ధంలో పడ్డాడా అన్నది అక్షరం రానివాడు కూడా ఆ రాయి చూసి చెప్పగలడు. చెక్కి ఏడెనిమిది వందల ఏళ్లు దాటిన రాళ్లు కూడా ఆ వీరుడు ఏం చేశాడో ఇప్పటికీ చెబుతున్నాయి. చాలాసార్లు పేరు ఉండదు, పని మాత్రం ఉంటుంది. మనం ఇప్పుడు పేరు ఉంచి పనిని వదిలేస్తున్నాం.

రాసిపెట్టడం వల్ల ఏమవుతుందో చందుపట్ల శాసనం చూస్తే తెలుస్తుంది. రాణి రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు మరణించిన సంగతి 1289లో పువ్వుల ముమ్మడి అనే ఒక బంటు అక్కడ రాతి మీద వేయించాడు. రుద్రమ ఎప్పుడు కన్నుమూసిందన్నది నల్లగొండ జిల్లాలోని ఆ చిన్న ఊళ్లో దొరికిన రాయి వల్లనే చరిత్రకారులకు తెలిసింది.

అంతదూరం పోనక్కర్లేదు, మేడారం పోదాం. జంపన్నవాగుకు ఆ పేరు ఎందుకొచ్చిందో చెప్పమంటే ములుగు అడవిలో ఏ పిల్లనడిగినా చెబుతుంది. కాకతీయ సైన్యంతో పోరాడి సమ్మక్క కొడుకు జంపన్న ఆ సంపెంగవాగులో పడిపోయాడని, నీళ్లు ఎర్రబడ్డాయని చెబుతుంది. మా పరకాల అమరధామం కూడా అట్లాంటిదే. 1947 సెప్టెంబర్ 2న జాతీయ జెండా ఎత్తడానికి పోగైన జనం మీద నిజాం పోలీసులు జరిపిన కాల్పులను అక్కడ బొమ్మల్లో నిలబెట్టారు. మా బడి పిల్లలను ఏటా తీసుకెళ్లేవాణ్ని. ఎవరు కాల్చారు, ఎవరు పడ్డారు, జెండా ఎవరి చేతిలో ఉందన్నది నేను నోరు తెరవకుండానే వాళ్లు చూసి తెలుసుకునేవాళ్లు. ఆ పిల్లలకు సొంత ఊరి జవాను కథ మాత్రం తెలియదు.

ఈ మాట నేను ఒక్క ఊరి కోసం అనడం లేదు. నిజామాబాద్ జిల్లా వేల్పూర్ మండలం కోమన్‌పల్లి బిడ్డ, సిపాయి ర్యాడ మహేశ్ 2020 నవంబర్ 8న కశ్మీర్‌లోని మాచిల్ సెక్టార్‌లో చొరబాటుదారులను అడ్డుకుంటూ నేలకొరిగాడు. వయసు 26. అదే పోరులో చిత్తూరు జిల్లా హవల్దార్ ప్రవీణ్ కుమార్ రెడ్డి, బిహార్‌కు చెందిన కెప్టెన్ ఆశుతోష్ కుమార్ కూడా ప్రాణాలు విడిచారు. కెప్టెన్‌కు మరణానంతరం శౌర్యచక్ర ఇచ్చారు. ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో వచ్చి ఒకే కొండ మీద కలిసి నిలబడ్డ ఆ యువకుల కథ నిజామాబాద్ పిల్లల పాఠంలో ఉండాల్సింది.

సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు పేరు మన రాష్ట్రంలో అందరికీ తెలుసు. 2020 జూన్ 15 రాత్రి లద్దాఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైనికులతో పోరులో మరణించారని, మహావీర్ చక్ర వచ్చిందని, 2021 నవంబర్‌లో రాష్ట్రపతి చేతుల మీదుగా ఆయన తల్లి, భార్య అందుకున్నారని తెలుసు. 16 బిహార్ దళానికి కమాండింగ్ ఆఫీసర్‌గా శత్రువు ఎదుటే పరిశీలన పోస్టు నిలబెట్టే పని ఆయన మీద ఉందని, తీవ్రంగా గాయపడ్డాక కూడా కదలకుండా చివరి శ్వాస దాకా ముందుండి తన వాళ్లను నడిపించారని ప్రశంసాపత్రం చెబుతుంది. ఆ మాట ఎంతమంది పిల్లలు విన్నారు? ఆ రాత్రి తుపాకులు పేలలేదు, చేతులకు చేతులు కలబడిన పోరు అదని చెప్పినప్పుడు మా మనవడు అన్నం ముద్ద చేతిలో పట్టుకుని అట్లాగే ఉండిపోయాడు.

ఈ సందర్భంలో మేజర్ పద్మపాణి ఆచార్య నాకు గుర్తొస్తారు. హైదరాబాద్‌లో పెరిగినవారు. 1999 జూన్ 28న కార్గిల్ యుద్ధంలో తోలోలింగ్ దగ్గరి గుట్ట మీద శత్రువు స్థావరాన్ని పట్టుకునే పోరులో చనిపోయారు, మహావీర్ చక్ర వచ్చింది. అంతకు కొద్ది రోజుల ముందు తండ్రికి ఉత్తరం రాస్తూ, గర్భవతిగా ఉన్న భార్యకు రోజుకొక మహాభారత కథ చెప్పమని కోరారు. పుట్టబోయే బిడ్డకు మంచి విలువలు రావాలని ఆయన ఆశ. చావు ముందర నిలబడి కూడా కథ చెప్పమనే అడిగాడు ఆ కాబోయే తండ్రి. ఇట్లాంటి సైనికుల కథ చెప్పడం మనకు అంత కష్టమా?

నేను అడుగుతున్నది చిన్న పని. మన ఉమ్మడి వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్, నిజామాబాద్ జిల్లాల్లో జవాన్ల విగ్రహాలు, స్థూపాలు ఉన్న ప్రతి ఊళ్లో, ఆ సైనికుడు ఏం చేశాడో తెలుగులో పది పన్నెండు వాక్యాలు రాతి మీద చెక్కించాలి. ఐదో తరగతి పిల్ల ఆగకుండా చదవగలిగేంత తేలిక మాటల్లో ఉండాలి. పతకం వచ్చినవారి ప్రశంసాపత్రం కుటుంబం దగ్గర ఉంటుంది. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం, కలెక్టర్ గారు పూనుకుంటే ఒక ఏడాదిలో అయిపోయే పని. పతకం రాని సైనికుల సంగతి వాళ్లతో పనిచేసినవాళ్లను అడిగి రాయవచ్చు. మన మండలాల్లో మాజీ సైనికులు చాలామంది ఉన్నారు, సెలవుల్లో వచ్చేవాళ్లూ ఉన్నారు. ఖర్చు అంటారా, వర్ధంతికి కట్టే ఫ్లెక్సీల డబ్బులు ఒక్క ఏడు పక్కన పెడితే రాయికీ చెక్కినందుకూ సరిపోతాయి. ఫ్లెక్సీ వానకు చిరిగిపోతుంది. పోయిన ఏడు కట్టిన దాంట్లో సగం ఇప్పుడు ఆ బస్టాండు పక్కన చాయ్ డబ్బా మీద కప్పి ఉంది. ఆ అబ్బాయి ముఖం ఉన్న సగమే అది.

ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకంలో గ్రానైట్ రాళ్ల మీద పాతిక వేలకు పైగా పేర్లు బంగారు అక్షరాల్లో ఉన్నాయి. అక్కడ అన్ని వేల మందికి కథ రాయడం కుదరదు, పేరు ఉండటమే గొప్ప. ఊళ్లో ఉండేది ఒకరో ఇద్దరో. ఊరు రాయకపోతే ఇంకెవరు రాస్తారు?

ప్రభుత్వానికి ఇంకో మనవి కూడా. కుటుంబానికి పతకం ఇచ్చేటప్పుడు ఆ ప్రశంసాపత్రం వాళ్ల సొంత భాషలో ఒక కాపీ ఇవ్వండి. కవరు తీసి నా చేతిలో పెట్టి ఆమె నా ముఖం వైపు చూసిన చూపు నేను మరిచిపోలేకపోతున్నాను.

ఆ ఊరి రాయికి కావాల్సిన తెలుగు పాఠం రాసి, ముందు ఆమెకు చదివి వినిపించి, పోయిన సోమవారం పంచాయతీ కార్యదర్శికి ఇచ్చాను. పదకొండు వాక్యాలు. ఒక్క మార్పు చేయమంది ఆమె. గాయపడిన జవాను బతికాడన్న వాక్యం నేను చివర రాశాను, దాన్ని మొదటికి తెమ్మంది. తెచ్చాను. వేరే ఊళ్ల వాళ్లు తమ దగ్గరున్న కాయితం పంపితే అవి కూడా ఇట్లాగే రాసి ఇస్తాను, నా చేతికి ఓపిక ఉన్నన్ని రోజులు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
హనుమకొండ