పరేడ్‌లో సర్కస్ ఊసేదీ?

సంపాదకులకు,

అమెరికాలో నవంబర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండుగనాడు న్యూయార్క్‌లో తీసే పరేడ్ మీద మీరు వేసిన కథనం నిండా బెలూన్లే, సర్కస్ ఊసే లేదండీ. 1924లో మేసీస్ దుకాణం వాళ్ళు న్యూయార్క్‌లో మొదటిసారి ఊరేగింపు తీసినప్పుడు బెలూన్లు ఎక్కడివి? సెంట్రల్ పార్క్ జూ నుంచి తెచ్చిన ఏనుగులు, ఒంటెలు, ఎలుగుబంట్లు శకటాలతో పాటు 145వ వీధి నుంచి 34వ వీధి దాకా నడిచాయి. పిల్లలు జడుసుకున్నారని చెబుతారు. 1927లో వాటి బదులు బెలూన్ బొమ్మలొచ్చాయి.

జోకర్లు మాత్రం పోలేదు. నేను మా అబ్బాయి దగ్గరికి న్యూజెర్సీ వెళ్ళినప్పుడు చలికి వణుకుతూ ఫుట్‌పాత్ మీద నిలబడి చూశాను, ఒక జోకరు మా మనవరాలి నెత్తిన గుప్పెడు రంగు కాగితం ముక్కలు చల్లి పోయాడు, అవి ఇంటికొచ్చాక కూడా జడలోంచి రాలుతూనే ఉన్నాయి.

అన్నట్టు ఆ శకటాలు తయారయ్యేది న్యూజెర్సీలోనే. ఎంత పెద్దవైనా 12.5 అడుగుల ఎత్తు, 8 అడుగుల వెడల్పుకి మడిచి, న్యూయార్క్‌కి నది కిందుగా వెళ్ళే లింకన్ టన్నెల్ అనే సొరంగం దాటించి, అవతల మళ్ళీ విప్పుతారు, అచ్చం మన సర్కస్ వాళ్ళు గుడారం చుట్టి లారీ ఎక్కించినట్టే. ఏనుగులు లేవని నాకేం బాధ లేదు, పాపం వాటికెందుకా తిప్పలు. వచ్చే నవంబర్లో ఒక్క జోకరు ఫోటో అయినా వేయండి.

— ఒక పాఠకుడు, ఏలూరు