ఇంటి పన్నులో కట్టే ఆ ఎనిమిది పైసలు ఎక్కడ ఆగుతున్నాయి?

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న ఇంటి పన్ను కట్టి రసీదు చూస్తే అందులో లైబ్రరీ సెస్ అని ఒక లైన్ ఉంది, ఇన్నేళ్లుగా కడుతున్నా గానీ ఎప్పుడూ పట్టించుకోలేదు. పన్ను రూపాయికి ఎనిమిది పైసలు, అంటే 3000 కట్టేవాళ్ల దగ్గర 240 లైబ్రరీ పేరు చెప్పి తీసుకుంటున్నారన్నమాట. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం మున్సిపాలిటీ అయినా పంచాయతీ అయినా ఇది వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకి కట్టేయాలి, వాళ్ల దగ్గర ఉంచుకునే డబ్బు కాదు.

ఆ సాయంత్రమే మా ఊరి లైబ్రరీకి వెళ్లా. గ్రూప్స్‌కీ డీఎస్సీకీ చదివే పిల్లలు పుస్తకాలు ఇంటి నుంచే తెచ్చుకుని, కుర్చీ దొరకనివాళ్లు మెట్ల మీద కూర్చుని చదువుతున్నారు. బీరువాలో ఉన్న జీకే పుస్తకం తీస్తే, జిల్లాలు 2022లోనే మారినా అందులో రాష్ట్రానికి ఇంకా 13 జిల్లాలే! లైబ్రేరియన్ గారిని అడిగితే రెండేళ్లుగా సెస్ రాలేదండీ, పేపర్ అతనికి కూడా బాకీ ఉన్నాం అన్నారు, పాపం ఆయన్నేమంటాం.

కాలిఫోర్నియాలో ఉండే మా అమ్మాయికి ఫోన్లో ఇదే చెప్తే, అక్కడ స్టానిస్లాస్ కౌంటీలో 1995 నుంచి లైబ్రరీల కోసమే అమ్మకం పన్ను వేసుకుంటున్నారట, డాలరుకి సెంటులో ఎనిమిదో వంతు (ఎనిమిది మాత్రం కలిసింది). దానికో గడువు ఉంటుంది, అయిపోగానే మళ్లీ ఓటింగ్ పెడతారు, మూడింట రెండొంతుల మంది సరే అంటేనే నడుస్తుంది. లైబ్రరీ బాగోకపోతే జనం ఈసారి వద్దంటారేమోనని భయం ఉంటుంది కదా, నాకు అది నచ్చింది. మన మున్సిపాలిటీలు అలా సొంతంగా అమ్మకం పన్ను వేయలేవు, అయినా ఉన్న సెస్సే చేరనప్పుడు ఇంకోటి ఎందుకు లెండి.

1918లో వేటపాలెంలో కుర్రాళ్లు సారస్వత నికేతనం అనే లైబ్రరీ పెట్టినప్పుడు ఈ చట్టమూ లేదు సెస్సూ లేదు. ఇప్పుడు టీకొట్టు అతనికి పది రూపాయలు ఫోన్లో క్షణంలో పడుతున్నాయి, ఆన్‌లైన్లో పన్ను కట్టగానే సెస్ వాటా నేరుగా సంస్థ ఖాతాలో పడేలా చేయడం అంత కష్టమా? కనీసం పోయినేడు ఎంత వసూలైంది, ఎంత జమ చేశారు అని రసీదు మీదే వేయొచ్చు. ఇదే మాట పన్ను కౌంటర్లో అడిగితే అది మా సెక్షన్ కాదన్నారు. ఏ సెక్షనో మీ పేపర్లో చూసైనా చెప్తారేమోనని రాస్తున్నా.

ఇట్లు,
కృష్ణా డెల్టా నుంచి మీ పాఠకుడు