ఓడ దిగేటప్పుడు తోపులాట: షిప్పింగ్ మంత్రి గారికి అనంతపురం నుంచి ఒక లేఖ

కేంద్ర ఓడరేవులు, షిప్పింగ్ శాఖ మంత్రి గారికి నమస్కారం సార్.

మాది అనంతపురం. వానే సరిగ్గా పడని ఊరోళ్ళకి ఓడ సంగతి ఎందుకప్పా అని మీరు అనుకోవచ్చు. నేను ఆర్టీసీలో బస్టాండ్ కంట్రోలర్‌గా చేసి రిటైరైనా, పండగ రద్దీలో జనాన్ని ఎక్కించడం దించడం నా సర్వీసంతా చేసిన పని, అందుకే చూసినాక ఊరికే ఉండలేక రాస్తున్నా.

మా అల్లుడు టికెట్లు బుక్ చేస్తే పోయిన చలికాలం నేను, మా ఇంటామె క్రూజ్ (సముద్రం మీద ఊర్లు చూపిస్తా తిప్పే ఓడ) ఎక్కినాం. మూడు రాత్రులు, మన దేశంలోనే తిరిగే ట్రిప్పు. ఏ ఓడ, ఏ రేవు అనేది రాయను, నాకు ఎవరి మీదా కోపం లేదు. లోపల భలే ఉండింది సార్, తిండికి వంక పెట్టే పనే లేదు. కతంతా దిగే రోజే.

ముందు రోజు రాత్రే పెద్ద బ్యాగులన్నీ రూం బయట పెట్టేయమన్నారు, వాటికి రంగు ట్యాగులు, మాకు పచ్చది వచ్చింది. ఏ రంగు పిలిస్తే ఆ రంగోళ్ళు దిగాల. పద్ధతి మంచిదే, కాదనను. మా ఆమె బీపీ మాత్రలు గూడా ఆ పెద్ద బ్యాగులోనే పోయినాయి, అది మా తప్పు (ఎవరైనా పోయేవాళ్ళు ఇది చదువుతాంటే మాత్రలు, ఆధార్ కార్డు, ఒక జత బట్టలు చేతి సంచిలో పెట్టుకోండి). పొద్దున్నే రూం ఖాళీ చేయమన్నారు. రూంలు ఖాళీ చేయిస్తే అంతమంది యాడికి పోతారు సార్? అందరూ వచ్చి లిఫ్టుల ముందర, మెట్ల మీద, గ్యాంగ్‌వే (ఓడ నుంచి రేవులోకి దిగే దారి) తలుపు దగ్గర నిలబడినారు. పై అంతస్తులో కుర్చీలున్న పెద్ద హాలు ఖాళీగానే ఉండిందంట, అది మాకు తర్వాత తెలిసింది.

మైకులో ఇంగ్లీషు, ఆ తర్వాత హిందీ. ఆ గోలలో 'గ్రీన్' అనే ముక్క ఒకటి వినపడింది, అంతే, పచ్చ ట్యాగులోళ్ళంతా ఒక్కసారిగా లేచి ముందుకు తోసుకున్నారు. వాళ్ళు చెప్పింది ఏందంటే గ్రీన్ వాళ్ళు ఇంకా కాసేపు ఆగాల అని! కదిరి బస్సు ప్లాట్‌ఫాం మారిందని మైకులో చెప్తే సగం మాట విని పరిగెత్తేవాళ్ళు గుర్తొచ్చి నాకు నవ్వొచ్చింది, మా ఆమెకు రాలేదు. ఆమెకు మోకాళ్ళ నొప్పులు, ఎవరినో అడిగి వాళ్ళ సూట్‌కేసు మీద కూర్చోబెట్టినా, దానికేమో చక్రాలు, ఓడ ఆగిపోయినా ఆమె మాత్రం కదుల్తానే ఉండింది.

గంటా నలభై నిమిషాలు పట్టింది సార్. కిందికి దిగినాక గాని అసలు విషయం తెలీలేదు. సామాన్ల హాల్లో మాకంటే ముందు దిగిన ఎర్ర ట్యాగులోళ్ళే ఇంకా బ్యాగులు వెతుక్కుంటాన్నారు, రంగుకొక వరస పెట్టాల్సిన బ్యాగులు కలిపి కుప్ప పోసినారు. ముందు బస్సు బయటికి పోకుండానే వెనక బస్సును అదే ప్లాట్‌ఫాం మీదికి తెస్తే ఏమైతుందో ఆడ అదే అయింది. మేం గుంతకల్లుకు పట్టుకోవాల్సిన రైలు పోయింది, ఇంకో రైల్లో జనరల్ బోగీలో వచ్చినాం.

అదే మధ్యలో ఒక ఊర్లో ఓడ ఆగిన రోజు మాకు ఏ ఇబ్బందీ లేదు. మాకు వడ్డించే పిల్లోడు ముందే చెప్పినాడు, ఓడ ఆగిన మొదటి గంట పోవద్దు అంకుల్, టూరు బస్సులోళ్ళంతా అప్పుడే దిగుతారు, నింపాదిగా టిఫిన్ తిని పోండి, తిరిగొచ్చేది మాత్రం చివరి అరగంటకు పెట్టుకోవద్దు అని. అట్లనే చేసినాం. లిఫ్టు ఖాళీగా వచ్చింది, గ్యాంగ్‌వే మీద మా ముందర నలుగురే, కార్డు చూపించి బయటపడినాం. ఆ పిల్లోడికి తెలిసిన ముక్కను ఓడంతటికీ ఎందుకు చెప్పరో నాకు తెలీదు.

మీరు 2024 సెప్టెంబర్ 30న మన దేశంలో ఇట్లాంటి ఓడ ప్రయాణాలు పెంచడానికి క్రూజ్ భారత్ మిషన్ మొదలుపెట్టినారు, 2029 కల్లా క్రూజ్ ప్యాసింజర్లను రెండింతలు చేస్తామన్నారు, విశాఖలో టెర్మినల్, ముంబైలో ఏడాదికి 10 లక్షల మందికి సరిపోయే టెర్మినల్ కట్టినారు. సంతోషమే సార్, కానీ బిల్డింగ్ ఎంత పెద్దగా కట్టినా ఎవరు ఎప్పుడు దిగాలనే లెక్క లేకపోతే క్యూ తగ్గదు. క్రొయేషియాలో డుబ్రోవ్నిక్ అని ఒక ఊరుంది, ఒకేసారి రెండు ఓడలకు మించి రానీయకుండా కట్టడి పెట్టుకున్నారు. అంత దూరం ఎందుకు, మన తిరుపతిలో టైం వేసిన టోకెన్ చేతికిస్తారు, మనిషి ఆ టైం దాకా ఎక్కడో ఒకచోట కూర్చుంటాడు.

ఓడలో గూడా ట్యాగు మీద రంగుతో పాటు టైం వేయించండి, అది గూడా టికెట్ బుక్ చేసే రోజే చెప్పిస్తే మేం దాన్నిబట్టి రైలు చూసుకుంటాం. కింద హాలు ఖాళీ అయిందని ఫోన్ వచ్చినాకనే పైన తర్వాతి రంగును పిలవాల, ఇది రూలుగా పెట్టండి. సొంత సామాన్లు మోసుకుని పోయేవాళ్ళను పొద్దున్నే వేరే దారిన పంపించేస్తే సగం బరువు తగ్గుతుంది. ఓడలో తెలుగోళ్ళు ఎక్కువుంటే మైకులో తెలుగు గూడా రెండు ముక్కలు చెప్పించండి, 'ఆగండి' అనే మాటన్నా అర్థమైతుంది.

వచ్చే చలికాలం మళ్ళీ పోదామంటాన్నాడు మా అల్లుడు. మా ఆమె ఒకటే అడుగుతాంది, ఓడలోకి మడత కుర్చీ తీసుకుపోనిస్తారా అని. అది గూడా కనుక్కుని చెప్పండి సార్.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బస్టాండ్ కంట్రోలర్,
అనంతపురం