ఆ కంచు గద్దను కరిగించవద్దు

అయ్యా,

ఉరుగ్వే నౌకాదళ గోదాములో పెట్టెకెక్కిన కంచు గద్ద గురించి మీరు వేసిన వార్త, దానిపై ఒక పాఠకుడి లేఖ చదివాను. నాజీ గుర్తున్న ఆ బొమ్మను కరిగించి పావురంగా పోత పోస్తే పీడ విరగడవుతుందని వారి వాదన. ఆ దేశాధ్యక్షుడిగా ఉండగా లూయిస్ లకాయే పౌ 2023 జూన్‌లో ఇదే ప్రకటించి, జనం మండిపడటంతో రోజుల్లోనే వెనక్కి తగ్గారు. తగ్గడమే మంచిదయింది.

జర్మన్ యుద్ధనౌక అడ్మిరల్ గ్రాఫ్ ష్పే వెనుక భాగాన ఉండేది ఆ గద్ద. 1939 డిసెంబరు 13న ప్లేట్ నదీముఖం వద్ద మూడు శత్రు క్రూజర్లతో తలపడి దెబ్బతిన్న నౌక ఉరుగ్వే రాజధాని మాంటెవిడియో రేవు చేరింది. నాలుగు రోజులకు కెప్టెన్ లాంగ్స్‌డార్ఫ్ దాన్ని తానే పేల్చి ముంచాడు. 2006లో పైకి తీసిన ఆ గద్ద ఆరడుగుల మనిషి కంటే ఎత్తు, బరువు మూడు క్వింటాళ్ల పైమాటే. గోళ్ల కింది స్వస్తిక్ కనబడకుండా గుడ్డ కప్పాల్సి వచ్చింది. మన గడపల మీద పసుపు కుంకుమలతో దిద్దే గుర్తు అక్కడికి ఎలా చేరిందని తరగతిలో పిల్లలు అడుగుతూనే ఉంటారు. పాఠ్యపుస్తకంలోని వేలెడు బొమ్మతో ఆ సంగతి చెప్పడం ఎంత కష్టమో పాఠం చెప్పినవాళ్లకే తెలుసు.

మా కర్నూలు నడిబొడ్డున కొండారెడ్డి బురుజు ఉంది. చెరసాల కదా అని ఎవరైనా కూల్చి ఉంటే అందులో మగ్గిన కొండారెడ్డి పేరు ఈపాటికి ఎవరి నోటా ఉండేది కాదు. బంధించిన వారెవరో నూటికి తొంభై మందికి తెలియదు, అది వేరే సంగతి.

ఇదే ఊపులో విశాఖ తీరాన 1971లో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి గాజీని కూడా పైకి తీయాలనే వారున్నారు. అది కూడదు. ఆ జలాంతర్గామిలోని వారంతా దానితోపాటే జలసమాధి అయ్యారు. గ్రాఫ్ ష్పేను మాత్రం సిబ్బందిని దించేశాకే ముంచారు.

కాబట్టి గద్దను మ్యూజియంలో పెట్టాలి, గుడ్డ తీసేసి మరీ. పక్కన పలకపై అన్నీ రాయాలి: ఆ నౌక తొమ్మిది వాణిజ్య నౌకలను ముంచిందనీ, వాటి సిబ్బందిలో ఒక్క ప్రాణమూ పోలేదనీ, డిసెంబరు 13 పోరులో మాత్రం ఆ నౌకలో 36 మంది, శత్రు క్రూజర్లలో 72 మంది చనిపోయారనీ.

— విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు, కర్నూలు