పోయినవాళ్ల మందులు ఎక్కడ వేయాలి?

సంపాదకులకు నమస్కారం.

మొన్నీమధ్య మా అత్తగారు కాలం చేశారు. దినాలయ్యాక ఆవిడ మందుల డబ్బా తెరిస్తే షుగర్ బిళ్లలు, బీపీ బిళ్లలు, రెండు యాంటీబయాటిక్ స్ట్రిప్పులు, సగం వాడిన దగ్గు సిరప్ కనిపించాయి. "పోయినవాళ్ల మందులు ఇంట్లో ఉంచకూడదమ్మా, బందరు కాలువలో వదిలేసి రా" అంది బంధువుల్లో ఒక పెద్దావిడ. మందుల షాపులో అడిగితే మేం వెనక్కి తీసుకోం అన్నారు. చెత్త బండి అబ్బాయి పొడి చెత్తలో కలిపేయమన్నాడు. ఆ డబ్బా ఇంకా మా బీరువా మీదే ఉంది.

కాలువలో వేయడానికి నాకు చేతులు రాలేదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర బయల్దేరిన ఆ నీళ్లతోనే కింద ఊళ్లవాళ్లు వేసవికి మంచినీటి చెరువులు నింపుకుంటారు. మా పుట్టిల్లూ అటే.

అసలు మనం బిళ్లలు పారేయకపోయినా మందు నీళ్లలో చేరుతూనే ఉంటుంది. ఇంటింటా వాడే షుగర్ మందు మెట్‌ఫార్మిన్ దాదాపుగా మారకుండానే మూత్రంలో బయటికి వచ్చేస్తుంది. మురుగు శుద్ధి కేంద్రాలను ఇలాంటి మందులను తీసేయడానికి కట్టలేదు. యాంటీబయాటిక్‌తో అయితే భయం ఇంకా ఎక్కువ. నీళ్లలో అది కొద్దికొద్దిగా ఉన్నా క్రిములు దానికి లొంగకుండా తయారవుతాయి, రేపు పిల్లలకు జబ్బు చేస్తే ఆ మందు పనిచేయదు. పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల నీళ్లు శుద్ధి చేశాక కూడా లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు వెల్లడించారు. మన కాలువల్లో అంత ఉందని నేను అనడం లేదు. ఎంత ఉందో పరీక్షించి జనానికి చెప్పమంటున్నాను.

గడువు తీరిన మందులు ఇంటి నుంచి వచ్చే ప్రమాదకర వ్యర్థాలని 2016 నాటి కేంద్ర ఘన వ్యర్థాల నిబంధనలే చెప్పాయి. అలాంటివి తీసుకోవడానికి ప్రతి 20 చదరపు కిలోమీటర్లకు ఒక కేంద్రం పెట్టాలని కూడా రాశాయి. విజయవాడలో అలాంటి కేంద్రం ఉంటే ఎక్కడుందో కార్పొరేషన్ చెత్త బండి మైకులో రోజూ చెప్పించాలి. లేకపోతే వెంటనే పెట్టాలి. కేరళలో 2025లో కోజికోడ్‌లో ఇంటింటి నుంచీ పాత మందులు సేకరించడం మొదలుపెట్టారు. మనకెందుకు చేతకాదు?

షాపులవాళ్లకూ ఒక మాట. నాలుగు బిళ్లలు చాలన్నవాళ్లకు స్ట్రిప్పు మొత్తం అంటగట్టకండి. మా అత్తగారి డబ్బాలో మిగిలినవి చాలావరకు అలా చేరినవే.

– ఒక పాఠకురాలు, కృష్ణలంక, విజయవాడ